గుంటూరు కచేరీ లెక్కలు: ఒక చరిత్రకారుడు చూపించినవి, ఆయనకు కనపడనివి

(కొండపల్లిలో జరిగిన రైతు, కౌలు రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం ‘భూమి రికార్డులు, వాటి చరిత్ర’. భోజనాల ముందు చరిత్ర చెప్పమనడం కార్యదర్శి గారి తెలివి. ఎవరూ ప్రశ్నలు వేయరని ఆయన ధీమా. అయినా మీరు వేయాలి. మేము రాజుల చరిత్ర చెప్పడం లేదు. మీ ఇనప్పెట్టెలో, బియ్యం డబ్బాలో, దేవుడి పటం వెనకాల దాచుకున్న కాగితాల చరిత్ర చెబుతున్నాం. ఆ కాగితాలను చదవడానికే జీవితంలో ముఖ్యభాగం ఖర్చుపెట్టిన ఒక చరిత్రకారుడి గురించి చెబుతాం. ఆయన మనవాడు కాదు, రైతు కాదు. కానీ మన కృష్ణకు అవతలి ఒడ్డున ఉన్న గుంటూరు జిల్లా మీద ఆయన రాసిన పుస్తకం చదివితే, ఇవాళ మండలాఫీసు వరండాలో మనం ఎందుకు నిలబడి ఉన్నామో కొంత అర్థమవుతుంది.

ఆయన పేరు రాబర్ట్ ఎరిక్ ఫ్రైకెన్‌బర్గ్. అమెరికన్ మిషనరీ తల్లిదండ్రులకు 1930లో మన దేశంలోనే పుట్టాడు. లండన్ విశ్వవిద్యాలయంలో 1961లో డాక్టరేటు తీసుకున్నాడు. తర్వాత అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1997లో పదవీ విరమణ చేసేదాకా భారతదేశ చరిత్ర చెప్పాడు. ఆయన మొదటి పెద్ద పుస్తకం 1965లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు అచ్చువేశారు. పుస్తకం పేరే ‘గుంటూరు జిల్లా, 1788–1848’. స్థానిక పలుకుబడికి, పై అధికారానికి మధ్య జరిగిన కథ అని దాని కింద ఇంకో పేరు. లండన్ యూనివర్సిటీలో చదివే మనిషికి ప్రపంచంలో ఇంకేమీ దొరకనట్టు గుంటూరు కలెక్టరు కచేరీ పాత దస్త్రాలు దొరికాయి. మద్రాసు రికార్డు ఆఫీసులోనూ లండన్‌లో ఇండియా ఆఫీసు లైబ్రరీలోనూ కూర్చుని వాటిని తిరగేశాడు. ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. మా చదువు హైస్కూలుతో ఆగింది కాబట్టి మా సంఘంలో కాలేజీ చదువుకున్న పిల్లల్ని కూర్చోబెట్టి చదివించుకున్నాం. అర్థం కానిచోట రెండోసారి చదివించుకున్నాం. వాళ్ళకు విసుగొచ్చింది గానీ మాకు రాలేదు.

ముందు మన ఊరి సంగతి. పిల్లలకు కొండపల్లి అంటే బొమ్మలు, పొనికి చెక్క. పెద్దలకు ఖిల్లా. కానీ ఒకప్పుడు కొండపల్లి అంటే ఒక సర్కారు. శిస్తు వసూలు చేసే జిల్లా అనుకోండి. కోస్తాలో ఐదు సర్కార్లు ఉండేవి: చికాకోలు, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. నవాబుల కాగితాల్లో కొండపల్లిని ముస్తఫానగర్ అనీ, గుంటూరును ముర్తజానగర్ అనీ రాసేవాళ్ళు. ఇంగ్లీషు కంపెనీ 1765లో ఢిల్లీ పాదుషా దగ్గర ఈ సర్కార్లకు ఫర్మానా రాయించుకుంది. మరుసటి సంవత్సరం నిజాముతో ఒప్పందం చేసుకుంది. మన ఖిల్లా కంపెనీ చేతికి పోయింది ఆ 1766లోనే. గుంటూరు ఒక్కటి మాత్రం నిజాము తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉండి, ఆయన పోయాక, 1788లో కంపెనీకి దక్కింది. ఫ్రైకెన్‌బర్గ్ పుస్తకం ఆ సంవత్సరం నుంచి మొదలవడానికి కారణం అది. 1859లో గుంటూరును, మచిలీపట్నం జిల్లాను కలిపి కృష్ణా జిల్లా చేశారు. 1904లో మళ్ళీ గుంటూరును విడదీశారు. ఇప్పుడు మనం 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. జిల్లా పేరు మారినప్పుడల్లా రికార్డు గది ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుంది. మారిన ప్రతిసారీ కొన్ని కట్టలు తగ్గుతాయి. మీలో పాత డైగ్లాట్ కాపీ కోసం తిరిగినవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

సరే, కంపెనీ వచ్చింది. వచ్చిన తెల్లదొరకు కావలసింది ఒకటే, శిస్తు. ఏ ఊళ్ళో ఎంత భూమి ఉంది, ఎవరు దున్నుతున్నారు, ఎంత పండింది? ఈ మూడూ తెలియకుండా శిస్తు రాదు. ఆ మూడూ తెలిసినవాడు కరణం. కరణం దగ్గర కవిలె ఉంది. కవిలె చదవాలంటే తెలుగు రావాలి, ఆ గొలుసుకట్టు రాత రావాలి, ఆ ఊరి కొలతలు తెలియాలి. ఒక ఊరి కుంచం ఇంకో ఊరి కుంచం కాదు. మన ప్రాంతంలో కొన్ని ఊళ్ళల్లో వీసబడి అని ఉండేది. సర్కారుకు ఊరు మొత్తం మీద ఇంత అని ఒప్పుకుని, దాన్ని ఊళ్ళో పెద్ద రైతులు వీసాల లెక్కన పంచుకునేవాళ్ళు. వీసం అంటే పదహారో వంతు అని మన తాతలకు నోటికి వచ్చు. ఎవరి భాగం ఎన్ని వీసాలు, ఎవరికి మెరక, ఎవరికి పల్లం అన్నది ఊరి లోపలి సంగతి. బయటివాడికి తెలిసేది మొత్తం ఒక్కటే. ఇంకొన్ని ఊళ్ళల్లో కళ్ళం దగ్గర రాశి పోసి పాళ్ళు పంచుకునే పద్ధతి. రాశి కొలిచే మనిషి, పక్కన రాసే మనిషి ఇద్దరూ మనవాళ్ళయితే సర్కారు వాటా ఎంతో మీరే ఊహించుకోండి.

అక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. ఊరివాళ్ళు లెక్క దాచడం తప్పా? శిస్తు పంటలో సగానికి పైగా గుంజుకునే రోజుల్లో నాలుగు ఎకరాలు దాస్తేనే పిల్లలకు గంజి. అలాంటి దాపరికం రైతును బతికించింది. కానీ దాచింది ఎవరు, దాని లాభం ఎవరికి మిగిలింది అన్నది వేరే ప్రశ్న. దానికి తర్వాత వస్తాం.

1802లో కంపెనీ ఈ ప్రాంతంలో శాశ్వత పరిష్కారం అని తెచ్చింది. జమీందారు ఏటా ఇంత పేష్కష్ కట్టాలి, ఆ మొత్తం ఎప్పటికీ మారదు. జమీందారు వసూళ్ళలో సుమారు మూడింట రెండు వంతులు కంపెనీకి పోయేట్టు కట్టారు. దొరలు లండన్‌లో కూర్చుని, జమీందారు అంటే తమ దేశంలో భూస్వామి లాంటివాడనుకున్నారు. ఆయనకు హక్కు ఖాయం చేస్తే కాలవలు తవ్విస్తాడు, చెరువులు బాగుచేయిస్తాడు, సేద్యం పెరుగుతుంది అనుకున్నారు. ఇక్కడ జరిగింది మీకు తెలుసు. గుంటూరులో అందరికంటే పెద్ద జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. చింతపల్లి నుంచి అమరావతికి మారి పట్నం కట్టించుకున్నాడు, గుళ్ళు కట్టించాడు. 1816లో ఆయన పోయాక దత్తపుత్రుల తగాదా మొదలై, అటూ ఇటూ కోర్టులు తిరిగి, లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. దత్తత మీద ఆ కేసులో వచ్చిన తీర్పును వకీళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. కేసు నడిచినన్నాళ్ళూ ఊళ్ళల్లో వసూలు చేసింది ఎవరు? అమీన్లు, గుమాస్తాలు, ఇజారాదార్లు. జమీందారు ఎవరో కోర్టు తేల్చలేదు గానీ, శిస్తు కట్టాల్సింది ఎవరో అందరికీ తెలుసు.

ఫ్రైకెన్‌బర్గ్ పుస్తకం అసలు బలం ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఆయన జమీందారు కోటను, తెల్లదొర బంగళాను దాటి హుజూరు కచేరీ లోపలికి వెళ్ళాడు. కచేరీలో శిరస్తాదారు, ఆయన కింద గుమాస్తాలు. పెద్ద ఉద్యోగాలు చాలావరకు కొన్ని కుటుంబాల చేతుల్లో ఉండేవి. మరాఠీ మాట్లాడే దేశస్థ కుటుంబాలు అవి. మేనమామ శిరస్తాదారు అయితే మేనల్లుడు తాలూకా ఉద్యోగి, బావమరిది ఖజానాలో. కలెక్టర్లు మూడేళ్ళకో ఐదేళ్ళకో మారిపోతారు. కచేరీ మారదు. కొత్త కలెక్టరుకు ఊళ్ళ గురించి తెలిసేదంతా కచేరీ చెప్పిందే. కచేరీకి తెలిసేదంతా ఊరి కరణం, ఊరి పెద్ద ఒప్పుకుని పంపిందే. మధ్యలో వీళ్ళకూ వాళ్ళకూ ఒక ఒప్పందం. పైకి వెళ్ళే కాగితం మీద కరువు, బకాయి, మాఫీ అని ఉంటుంది. కింద పొలంలో ఏముందో ఆ కాగితం చెప్పదు.

ఇది ఒక కులాన్ని నిందించడానికి చెబుతున్నది కాదు. కచేరీలో ఎవరు కూర్చున్నా అదే పని చేసి ఉండేవారు, తర్వాత కూర్చున్నవాళ్ళు చేశారు కూడా. చదువు కొద్దిమందికే ఉన్నప్పుడు కలం ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్ళది.

ఈ లోపల 1832–33లో నందన నామ సంవత్సరం కరువు వచ్చింది. గుంటూరు వైపు ముసలివాళ్ళు డొక్కల కరువు అనేవాళ్ళు. జిల్లాలో 5 లక్షల జనం ఉంటే లక్షన్నర నుంచి 2 లక్షల మంది దాకా చచ్చిపోయారని లెక్క చెబుతారు. కృష్ణలో నీళ్ళు సముద్రంలోకి పోతూనే ఉన్నాయి. బెజవాడ దగ్గర ఆనకట్ట మొదలైంది 1852లో, పూర్తయింది 1855లో. ఇరవై ఏళ్ళు ముందు కట్టి ఉంటే ఎంతమంది బతికేవాళ్ళో. కరువు తర్వాత ఏళ్ళ తరబడి జిల్లాలో వసూళ్ళు పడిపోయాయి. నిజంగా బీడు పడిన భూమి ఎంత, కాగితం మీద బీడు పెట్టిన భూమి ఎంత అన్నది మద్రాసు వాళ్ళకు తేలలేదు. పోయినవాడి పొలం ఎవరి పేరున ఎక్కిందన్నది మాత్రం కరణానికి తెలుసు.

చివరికి మద్రాసు ప్రభుత్వం వాల్టర్ ఇలియట్ అనే ఉద్యోగిని విచారణకు పంపింది. ఆయన 1840ల మధ్యలో గుంటూరులో కూర్చుని లెక్కలు తవ్వాడు. అన్నట్టు అమరావతి స్తూపం దిబ్బను 1845లో తవ్వించినదీ ఈయనే. ఆ పాలరాతి శిల్పాలు మద్రాసుకు, అక్కడి నుంచి లండన్‌కు పోయాయి, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. రెండు తవ్వకాలూ ఒకే మనిషి చేశాడు. ఒకదానిలో బుద్ధుడు దొరికాడు, ఇంకోదానిలో శిరస్తాదారు దొరికాడు. ఇలియట్ నివేదిక 1846లో వచ్చింది. కచేరీ ఉద్యోగులు, ఊరి అధికారులు కలిసి ఏళ్ళ తరబడి సర్కారు సొమ్ము ఎలా తిన్నారో, కలెక్టర్లు ఎలా కళ్ళకు గంతలు కట్టుకుని కూర్చున్నారో అందులో బయటపడింది. ఆ పాటికి జిల్లాలో పెద్ద జమీందారీలన్నీ బకాయిల్లో మునిగి కంపెనీ చేతికి వచ్చేశాయి.

ఈ మొత్తం చూసి ఫ్రైకెన్‌బర్గ్ చెదపురుగుల పోలిక తెచ్చాడు. దొరలు తిరుగుబాట్ల గురించి, ఫిరంగుల గురించి భయపడ్డారు. వాళ్ళ దూలాలను లోపల నుంచి తిన్నవి చెదలు. పైన రంగు అలాగే ఉంటుంది, వేలు పెడితే లోపలికి దిగుతుంది. పాత తాటిదూలాల ఇంట్లో పెరిగినవాళ్ళకు ఈ పోలిక చెప్పాల్సిన పనిలేదు.

ఆయన అక్కడితో ఆగలేదు. 1969లో భారతదేశంలో భూమి మీద పట్టు, సమాజ నిర్మాణం అన్న విషయం మీద ఒక వ్యాసాల పుస్తకం కూర్చాడు. పేరులోనే ‘భూమి యాజమాన్యం’ అనకుండా ‘భూమి మీద పట్టు’ అన్నాడు, గమనించండి. అందులో వాల్టర్ నీల్ అనే ఆయన వ్యాసం ఒకటి ఉంది. తెల్లవాడి దృష్టిలో భూమి అమ్ముకునే, కొనుక్కునే సొత్తు. ఇక్కడ మాత్రం భూమి అంటే పెత్తనం చేయడానికి ఆధారం, భూమి ఉన్నవాడి మాట నలుగురి మీద నడుస్తుంది అని దాని సారాంశం. దాంట్లోనే ఫ్రైకెన్‌బర్గ్ మన ఊళ్ళ బలం గురించి ఒక వ్యాసం రాశాడు. ఒకే చెక్క మీద రాజుకు ఒక హక్కు, జమీందారుకు ఒక హక్కు, ఊరి పెద్దకు ఒకటి, దున్నేవాడికి ఒకటి, చాకలి, మంగలి, వెట్టివాళ్ళకు కళ్ళంలో మేర. అందరివీ కొసలు కలిసే ఉండేవి. కంపెనీ వచ్చి ‘ఓనరు ఎవరు’ అని ఒక్క ప్రశ్న అడిగింది. ఒక్క పేరు రాసుకుంది. మిగిలిన హక్కులు ఆ రోజు నుంచి దయాదాక్షిణ్యాలయ్యాయి.

1977లో వచ్చిన ఇంకో పుస్తకంలో ఆయన ఇనాముల మీద రాశాడు. ఆ వ్యాసానికి ‘చప్పుడు లేని ఒప్పందం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. కంపెనీ అంత కొద్దిమంది దొరలతో ఇంత దేశాన్ని ఎలా ఏలింది? ఊరి అధికారులకు, గుళ్ళకు, పండితులకు, పాత సిపాయిలకు శిస్తు లేని మాన్యాలు వదిలిపెట్టింది, లేదా శిస్తు తగ్గించింది. మీ మాన్యం జోలికి మేం రాం, మీరు మా పెత్తనం జోలికి రావద్దు. దస్తావేజు లేని ఒప్పందం అది. తర్వాత 1859 నుంచి ఇనాం కమిషన్ వచ్చి ఆ మాన్యాలన్నిటికీ టైటిల్ డీడ్లు ఇచ్చింది. ఇనాం ఫెయిర్ రిజిస్టర్ అని మనం పరుగెత్తేది ఆ కాలం పుస్తకాల కోసమే. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. అయినా ఇవాళ ఎకరంన్నర అమ్ముకుని కూతురి పెళ్ళి చేద్దామని రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళిన రైతుకు ‘మీ సర్వే నంబరు 22ఏ జాబితాలో ఉంది’ అని చెబుతారు. ఎందుకంటే నూట అరవై ఏళ్ళ కిందట ఒక పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా ఇనాం అని ఒక ముక్క ఉంది. ఆ ముక్క రాసినవాడికి మన గొడవ తెలియదు. ఇప్పుడు చదివేవాడికి ఆ ముక్క చరిత్ర తెలియదు.

ఇంత చేసిన మనిషి పట్ల మాకు గౌరవం ఉంది. ఉన్నా కూడా రైతు సంఘం మనిషిగా ఒక మాట చెప్పకపోతే కుదరదు. ఆ పుస్తకంలో కలెక్టర్లకు పేర్లు ఉన్నాయి, జమీందార్లకు ఉన్నాయి, శిరస్తాదార్లకు, వాళ్ళ తాతలకు కూడా ఉన్నాయి. అరక పట్టినవాడికి పేరు లేదు. పాలేరు లేడు. ఊరి బయట మాలపల్లె, మాదిగపల్లెల నుంచి వచ్చి ఆ పొలాలన్నీ చేసినవాళ్ళు లేరు. నాటు వేసిన ఆడమనిషి అసలే లేదు. స్థానిక పలుకుబడి అని ఆయన అంటున్నది ఊరి మొత్తం పలుకుబడి కాదు. ఊళ్ళో పది ఇళ్ళ పలుకుబడి. కచేరీని మోసం చేసి మిగిల్చిన శిస్తు ఆ పది ఇళ్ళల్లోనే ఆగింది. దాచిన లాభం ఎవరికి మిగిలిందని ఇందాక వదిలేసిన ప్రశ్నకు జవాబు ఇదే.

ఆయన మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. చరిత్రకారుడు రికార్డు చదువుతాడు. రికార్డులో లేని మనిషిని ఎక్కడి నుంచి తెస్తాడు? ఆయన తర్వాత ఉస్మానియాలో ఎ. సత్యనారాయణ గారి లాంటివాళ్ళు 1900–1940 నాటి ఆంధ్ర రైతుల మీద పుస్తకం రాశారు. అప్పటికి రైతు సభలు జరిగాయి, మహజర్లు పెట్టారు, పత్రికలు నడిచాయి. రైతు తన సంగతి తాను రాయడం మొదలుపెట్టాడు కాబట్టే పుస్తకంలో రైతు కనపడ్డాడు. చూశారా తేడా?

ఇప్పుడు మన రోజులకు వద్దాం. 1984 జనవరిలో కరణాలు, మున్సబుల ఉద్యోగాలు ఒక్క ఆర్డినెన్సుతో పోయాయి. చాలామంది పండగ చేసుకున్నారు, న్యాయమే. కానీ పుస్తకాలు ఎక్కడికి పోయాయి? కొన్ని తాలూకా ఆఫీసుకు చేరాయి, కొన్ని అటకల మీద ఉండిపోయాయి, కొన్ని ఎలుకలు తిన్నాయి. తర్వాత కంప్యూటర్ వచ్చింది. అడంగల్, 1బి తెర మీదికి వచ్చాయి. రాత్రికి రాత్రి పేరు మారితే ఇప్పుడు సిరా మరక కూడా కనపడదు.

2020 డిసెంబరు 21న మన పక్కనే జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో రాష్ట్రమంతా రీసర్వే ప్రారంభించారు. వందేళ్ళ తర్వాత కొలతలన్నారు. కొలవడం మంచిదే, మేము ఎప్పుడూ వద్దనలేదు. డ్రోన్ పైనుంచి గట్టును చూస్తుంది. గట్టు ఎందుకు అక్కడ ఉందో అది చూడదు. అన్నదమ్ములు నోటిమాటతో పంచుకున్న సంగతి, ఎగువవాడికి బోదె దారి వదిలిన సంగతి దానికి తెలియదు. సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం నంబరు వచ్చింది. కొన్నిచోట్ల నలుగురి భూమికి కలిపి ఒక జాయింట్ ఎల్‌పీఎం పెట్టారు. అందులో ఒకడు అమ్మాలన్నా, అప్పు తెచ్చుకోవాలన్నా మిగిలిన ముగ్గురూ రావాలి. ఒక ఊళ్ళో ఒక రైతుకు పాత పుస్తకంలో 2 ఎకరాల 10 సెంట్లు, కొత్త దానిలో 1 ఎకరం 94 సెంట్లు. పదహారు సెంట్లు ఎక్కడికి పోయాయంటే ‘టెక్నికల్’ అన్నారు. పాసుపుస్తకం మీద ఒక ప్రభుత్వం బొమ్మ వేసింది, ఇంకో ప్రభుత్వం బొమ్మ తీసేసి రాజముద్ర వేస్తానంది. అట్ట గురించి జరిగినంత చర్చ లోపలి విస్తీర్ణం గురించి జరగలేదు.

భూమి హక్కు చట్టం ఒకటి వచ్చి పోయింది. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి వచ్చింది, 2024 జూలైలో అసెంబ్లీ రద్దు చేసింది. హక్కు తగాదా సివిల్ కోర్టుకు పోకుండా, అధికారి దగ్గర, ట్రిబ్యునల్ దగ్గర తేలాలన్న చట్టం అది. బెజవాడ లాయర్లు రోజుల తరబడి కోర్టులు బహిష్కరించారు. హుజూరు కచేరీ కథ చదివినవాళ్ళకు ఆ భయం అర్థమవుతుంది. రాసేవాడు, తీర్పు చెప్పేవాడు ఒకే గూటివాళ్ళయితే రైతు ఎక్కడికి పోవాలి?

కౌలు రైతు సంగతి అన్నిటికంటే పెద్దది. ఈ హాలులో సగం మంది కౌలుదార్లే. డెల్టాలో పొలం చేసేది ఒకరు, పాసుపుస్తకం ఇంకొకరిది. అది హైదరాబాదులోనో డల్లాస్‌లోనో బీరువాలో ఉంటుంది. 1956 కౌలుదారీ చట్టం ఉంది, కాగితం మీద. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. కార్డు కావాలంటే భూయజమాని సంతకం కావాలి, పదకొండు నెలలే చెల్లుతుంది. సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వనంటాడు. ‘ఏరా, నా పొలం రాయించుకుందామనా?’ అంటాడు. అదే 1802 నాటి భయం, ఒకే పేరు భయం. దాంతో నష్టపరిహారం, పంటల బీమా, బ్యాంకు అప్పు, చివరికి ఉరేసుకుంటే వచ్చే పరిహారం కూడా కాగితం మీద పేరున్నవాడి చుట్టూనే తిరుగుతాయి. ఆత్మహత్య చేసుకున్న కౌలుదారు భార్య, తన భర్త రైతేనని రుజువు చేసుకోవాలి. ఇంతకంటే అవమానం ఉందా?

మన ఎదురొడ్డున అమరావతిలో 2015 నుంచి సుమారు 33 వేల ఎకరాలు పూలింగులోకి పోయాయి. పట్టా ఉన్నవాళ్ళకు ఎకరాకు ఏడాదికి మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలు ఇస్తామన్నారు. దానికి జనంలో స్థిరపడిన పేరు ఏమిటో తెలుసా? కౌలు. భూమి ఉన్నవాడికి ప్రభుత్వం కౌలు ఇస్తుంది. ఆ భూమిని నిన్నటిదాకా కౌలుకు చేసినవాడు, కూలికి వెళ్ళినవాడు భూమిలేని కుటుంబం కింద నెలకు 2,500 పింఛనులోకి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు పూలు, కూరలు, అరటి పండించి ఆ నేలకు జరీబు ధర తెచ్చినవాడి పేరు ఏ రిజిస్టరులోనూ సాగుదారుగా లేదు. రేపు వందేళ్ళ తర్వాత ఇంకో ఫ్రైకెన్‌బర్గ్ వచ్చి మన రికార్డులు తిరగేస్తే, కృష్ణా డెల్టాలో భూమిని హైదరాబాదు, డల్లాస్ వాళ్ళే స్వయంగా దున్నారని రాసుకుంటాడు. ఆయన తప్పు ఉండదు.

అందుకని కొన్ని పనులు. పాత కాగితాలు ఇంట్లో ఏమున్నా పారేయకండి, చదవడం రాకపోయినా సరే. శిస్తు రశీదులు, నీటి తీరువా రశీదులు, సొసైటీ అప్పు కాగితాలు, పాత కౌలు చీటీలు. రీసర్వే జరిగిన ఊళ్ళల్లో మీ కొత్త ఎల్‌పీఎం విస్తీర్ణాన్ని పాత ఆర్‌ఎస్‌ఆర్‌తో, ఎఫ్‌ఎంబీతో సరిచూసుకోవాలి. జమీందారీ ఊళ్ళయితే 1948 ఎస్టేట్ల రద్దు తర్వాత తయారైన సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ నకలుకు అర్జీ పెట్టండి. అర్జీ పెట్టినప్పుడు అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాటగా ‘చూస్తాంలే’ అంటే ఆ చూపు ఎప్పటికీ తిరిగి రాదు.

కౌలుదార్లు మాత్రం కార్డు కోసం ఆగకండి. మా సంఘం ప్రతి ఊళ్ళో ఒక పుస్తకం పెడుతోంది. ఎవరు, ఎవరి పొలం, ఏ నంబరులో, ఎన్ని ఎకరాలు, ఎన్ని బస్తాల కౌలుకు, ఏ పంట వేశారు అన్నది సీజనుకు ఒకసారి రాస్తాం. నలుగురి ముందు రాస్తాం, చదివి వినిపిస్తాం. ఆడవాళ్ళు చేసే పొలం ఆడవాళ్ళ పేరునే రాస్తాం, మొగుడి పేరున కాదు. ప్రభుత్వం దాన్ని ఒప్పుకుంటుందా అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. ఇవాళ ఒప్పుకోదు. కానీ పంట నష్టం రాసుకోవడానికి అధికారులు వచ్చినప్పుడు, ఊళ్ళో నలభై మంది పేర్లు, నంబర్లు సిద్ధంగా ఉన్న పుస్తకాన్ని పక్కకు తోసేయడం అంత తేలిక కాదు. యజమాని సంతకం లేకుండా కార్డు ఇవ్వాలన్న మన డిమాండుకు ఇంతకంటే సాక్ష్యం ఉండదు. యజమానులకు కూడా చెప్పండి, సాగు రాసినంత మాత్రాన పట్టా మారదు. 2019 చట్టంలోనే ఆ మాట ఉంది.

పుస్తకాలు బయట బల్ల మీద ఉన్నాయి. ఊరికొకటి. భోజనం చేసి వెళ్ళేటప్పుడు మీ ఊరి పుస్తకం తీసుకుని మొదటి పేజీలో మీ పేరు రాసి వెళ్ళండి. రాయడం రానివాళ్ళకు మా పిల్లలు రాసిపెడతారు, వేలిముద్ర మీరు వేయండి. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి, కార్యదర్శి గారి ధీమా సంగతి చూద్దాం.